ఒక ఫిర్యాదుకు టీకాతాత్పర్యములు

మూలము: "సిస్టం ఎప్పటిలా లేదండీ."

అవతారిక: నెలాఖరు దినమున, ఉదయము 11 గంటలకు, బిల్లును సేవ్ చేయబోయి, తెరమీద గిరగిర తిరుగు చక్రమును చూచి చూచి వేసారిన అకౌంట్స్ గుమాస్తా హెల్ప్‌డెస్కునకు ఫోను చేసి పలికిన వాక్యమిది.

సిస్టం: బల్లమీది యంత్రమని వాచ్యార్థము. గంగయందు గొల్లపల్లె యన్నచోట గంగకు గంగాతీరమని చెప్పుకొన్నట్లే, ఇచట బిల్లు సేవగుటకు పట్టుచున్న కాలమని లక్ష్యార్థము. సర్వరు కాపరులు వాచ్యార్థమును విడువక, తమ తెరపై దీపములన్నియు పచ్చగానే వెలుగుచున్నవని వాదింతురు. నిజమే, కాని వారు కొలుచుచున్నది సర్వరుగదిలో, గుమాస్తా కూర్చున్నది మూడూళ్లకు ఆవలి బ్రాంచి ఆఫీసులో.

ఎప్పటిలా: శాస్త్రమంతయు ఈ పదముననే యున్నది. ఎప్పటి యనగా ఎప్పటిది? సోమవారము పొద్దుట అందరును ఒక్కుమ్మడి లాగిన్ అగునప్పటిదా, సగము కుర్చీలు ఖాళీగా నుండు భోజనవేళదా, గత నెలాఖరుదా? ఆయా వేళల వేగమును బాగున్న దినములలోనే కొలిచి వ్రాసి పెట్టుకొనిన లెక్కకు బేస్‌లైన్ అని పేరు. నెల ముగింపు కలియని రెండు వారముల కొలతతో తృప్తిపడుట వేసవిలో చూచి గోదావరి లోతు చెప్పుట వంటిది.

ఆ లెక్కను సగటుగా వ్రాయుట మరియొక ప్రమాదము. నూరు బిల్లులలో తొంబది 1 సెకండునకును, పది 31 సెకండ్లకును సేవైనచో సగటు 4 సెకండ్లు. ఆ 4 సెకండ్లను అనుభవించిన ప్రాణి యా ఆఫీసున ఒక్కటియు లేదు. తక్కువ కాలమునుండి ఎక్కువకు వరుసగా పేర్చిన బిల్లులలో 95వదానిని, అనగా 95వ పర్సెంటైల్‌ను, చూచినచో 31 బయటపడును, గుమాస్తా గోడు వినబడును.

ఆక్షేపణ: 0.1 సెకండు లోపల జవాబు వచ్చిన తక్షణమే జరిగినట్లు తోచుననియు, 1 సెకండు వరకు ఆలోచన తెగదనియు, 10 సెకండ్లు దాటిన మనసు వేరు పనిమీదికి పోవుననియు యంత్రముల వాడుకసౌలభ్యమును పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1993లోనే తన గ్రంథమున వ్రాసియుండగా, ప్రతి ఆఫీసును వేరుగా కొలుచు ఈ ప్రయాస యేల యందురేని, అవి మానవుని ఓర్పునకు హద్దులే కాని యీ ఆఫీసు వాడుక కావు. రిపోర్టుకు 8 సెకండ్లు అలవాటైనవాడు 14కు ఫోనెత్తును, అరసెకండునకు అలవాటైనవాడు 2కే ఎత్తును.

లేదు: అభావజ్ఞానమునకు ప్రతియోగిజ్ఞానము కావలెనని తార్కికుల మతము. కుండ యెట్లుండునో యెరుగనివాడు కుండ లేదనజాలడు. గుమాస్తాకు ఆ ప్రతియోగి వ్రేళ్లకొసలలో కలదు, ఐటీ శాఖకు ఏ కాగితమునను లేదు; కావుననే ఒకరు లేదనిన వేరొకరు ఉన్నదందురు.

తాత్పర్యము: అయ్యా, నిన్నటి వేగమును మీరు వ్రాసి పెట్టుకొనలేదు, నేను మరువలేదు.

అండీ: గౌరవార్థకము. మధ్యాహ్నము 3 గంటల పాఠాంతరమున ఇది కానరాదు.