దొరగారి మజ్జిగ

ప్రభుత్వం దగ్గర అన్ని కాగితాలూ భద్రంగా ఉంటాయని నమ్మేవాళ్ళు ఇద్దరే ఇద్దరు: ఒకరు చరిత్రలో పీహెచ్‌డీ చేసేవాళ్ళు, రెండోవారు మా పెదనాన్న. పీహెచ్‌డీ వాళ్ళకి పట్టా చేతికొచ్చేలోపు ఆ నమ్మకం పోతుంది. మా పెదనాన్నకి ఎనభై దాటినా పోలేదు. తెల్లదొర తుమ్మినా గుమాస్తా రాసి పెట్టుకునేవాడట.

ఆయనకి కావలసింది తుమ్ము కాదు, మజ్జిగ. మా వంశంలో జరిగిన ఘనకార్యం అదొక్కటే. శిస్తు లెక్కల జమాబందీకి వచ్చిన కలెక్టరు దొర మా ముత్తాతగారి అరుగు మీద కూచుని మజ్జిగ పుచ్చుకున్నాడు. నా చిన్నప్పుడు అది ఒట్టి గ్లాసుడు మజ్జిగ. మా అక్కల పెళ్ళిళ్ళ నాటికి అందులో అల్లం, కరివేపాకు పడ్డాయి. నా పెళ్ళిచూపుల్లో పెదనాన్న చెప్పినప్పుడు దొరగారు ఆవకాయ ముక్క కూడా అడిగి వేయించుకున్నారు. ఇంకో తరం ఆగితే మా ఇంట్లో తద్దినం భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్ళేవాడే.

డల్లాస్‌లో ఉన్న మనవడు వీడియో కాల్‌లో ‘ప్రూఫ్ ఉందా తాతా?’ అన్నాడు. అంతే. ఆ రాత్రి పెదనాన్న అన్నం తినలేదు. తెల్లారి నాకు ఫోను. ‘ఒరేయ్, నువ్వు పేపర్లో రాస్తావు కదా, ఆర్కైవ్స్‌లోకి రానిస్తారు. ఆ కాగితం పట్రా.’

కాగితం ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. పట్రావడమే.

ఆర్కైవ్స్‌లో మొదట అడిగేది ‘ఏం కావాలి?’ అని కాదు, ‘ఏ జిల్లా?’ అని. మాది తణుకు తాలూకాలో ఓ పల్లె. మొదట రాజమండ్రి జిల్లా. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాల్ని ఒక ముద్ద చేసి గోదావరి, కృష్ణా అని రెండు వాటాలు వేశారు. మేం గోదావరి వాటా. 1904లో గుంటూరు వేరుపడేసరికి కృష్ణా చిక్కిపోయిందని జాలిపడి, గోదావరికి పడమటున్న మా తాలూకాల్ని తీసి దానికి కలిపారు. మేం కృష్ణా. 1925లో మళ్ళీ విడగొట్టి పశ్చిమ గోదావరి అన్నారు. 2022లో దాన్నీ కోశారు. మాకు పాత పేరే మిగిలింది, కలెక్టరాఫీసు మాత్రం ఏలూరు నుంచి భీమవరం వెళ్ళిపోయింది. ఇంత జరిగినా మా ఊరు చెరువుగట్టు దాటి అంగుళం కదల్లేదు. దాని కాగితాలే కట్టుబట్టలతో జిల్లాలు తిరిగాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మరోసారి పంపకాలు జరిగాయి. అంతకు ముందేడాది కరణాల ఉద్యోగాలు తీసేసినప్పుడు ఊళ్ళో లెక్కల పుస్తకాలన్నీ అప్పగించామని మా కరణంగారి వాళ్ళంటారు. అందలేదని అవతలివాళ్ళంటారు. రెండూ నిజమే కావచ్చు. మధ్యలో చెదపురుగులున్నాయి.

మా ముత్తాత ఇల్లు నడిపింది 1910 ప్రాంతాల్లో. అంటే మా ఊరు కృష్ణా జిల్లాలో కాపురం చేస్తున్న రోజులు. ఆ కాలపు దొరల పైన రెవెన్యూ బోర్డు ఉండేది. 1786లో మద్రాసులో పెట్టారు. దాని ప్రొసీడింగ్స్ ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అది 1909లో మద్రాసు రికార్డాఫీసుగా మొదలైంది, ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్. 1953లో మనం విడిపోయి వచ్చేటప్పుడు మద్రాసు నగరం కోసం ఎంత గొడవ పడ్డామో లోకానికి తెలుసు. మన తాతల అర్జీలెన్నో అక్కడే ఉండిపోయిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

రీసెర్చి హాలు అనేది గుడి లాంటిది, చెప్పులు ఒక్కటే ఉంచుకోవచ్చు. సంచీ బయట, పెన్ను బయట. పెన్సిలే వాడాలి. చెరిపేయడానికి వీలైనదాంతోనే చరిత్ర రాసుకోవాలన్నమాట. ‘పర్పస్’ అన్న గడి దగ్గర నా పెన్సిలు ఆగింది. మజ్జిగ అని రాయడానికి చెయ్యి రాలేదు. ‘జిల్లా రెవెన్యూ పాలన’ అని రాశాను.

ఏటేటా ఇండెక్సులు అచ్చువేశారు మహానుభావులు. కానీ మన పేరు దొరగారి చెవిలో ఒకసారి పడి, గుమాస్తా చేతిలో రెండోసారి పడి, అచ్చాఫీసులో మూడోసారి పడ్డాక లేచి నిలబడే స్థితిలో ఉండదు. కాకినాడ కోకనాడ, ఏలూరు ఎల్లోర్, బందరు మసూలిపటం. ఊళ్ళకే ఈ గతి పడితే వెంకటాచలాల సంగతి చెప్పాలా? దానికి తోడు లెక్కంతా ఫసలీ సంవత్సరాల్లో. మా వైపు ఫసలీ జులై ఒకటో తేదీన మొదలవుతుంది. క్రీస్తు శకంలోంచి 590 తీసేస్తే వచ్చేస్తుంది. 1915 జులైలో పుట్టేది ఫసలీ 1325. వారం తిరిగేసరికి మా ఆవిడ పుట్టిన సంవత్సరం కూడా ఫసలీలో చెప్పాను. ఆవిడ సంతోషించలేదు.

నిజాం వైపు ఈ లెక్క కూడా కుదరదు. అక్కడ ఫసలీ అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. వరంగల్లు వైపు మిత్రుడొకాయన 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో తాతగారి పేరు వెతుకుతూ నాకంటే ముందే ఈ సముద్రంలో దిగాడు. తార్నాకలోని ఆర్కైవ్స్‌లో షాజహాను, ఔరంగజేబుల కాలపు ఫారసీ కాగితాలు కుప్పలుగా ఉన్నాయి. మొగలు సైన్యంలో చేరిన సిపాయి మొహం మీద మచ్చ ఎక్కడుందో, వాడి గుర్రం ఏ రంగుదో, దానికి ముద్ర ఎక్కడ వేశారో కూడా రాసిన చిట్టాలున్నాయి. ‘మూడు వందల ఏళ్ళనాటి గుర్రం ఆనవాలు దొరుకుతుందన్నా, డెబ్బై ఏళ్ళనాటి మా తాత దొరకడు’ అంటాడు.

ఎగ్మూరు ఇండెక్సుల్లో మా ముత్తాత లేడు సరికదా, అసలు మర్యాదస్థుడన్నవాడే లేడు. రేవు పాటల్లో ఎగ్గొట్టినవాళ్ళు, ఆబ్కారీ కేసులవాళ్ళు, శిస్తు మాఫీ అడిగినవాళ్ళు, బందెలదొడ్డి తాళం పగలగొట్టి గేదెని తోలుకుపోయినవాళ్ళు, ఖజానా తిన్న కరణాలు, కరణం తిన్నాడని ఫిర్యాదు చేసి తరవాత తామే తిన్న మునసబులు. పుటలకి పుటలు వీళ్ళే. శిస్తు వేళకి కట్టి, గట్టు జరపకుండా, ఎవరి మీదా అర్జీ పెట్టకుండా బతికినవాడు సర్కారువారి లెక్కలో ఓ అంకె. పేరుండాలంటే పేచీ ఉండాలి. మనం పాఠాల్లో చదువుకున్న రైతాంగ చరిత్రలో సగం, పక్కవాడి మీద కడుపుమంటతో రాసిన అర్జీలే అని నాకు గట్టి అనుమానం.

ఈ జ్ఞానోదయంతో కోస్తాలో ఒక రికార్డు రూముకి చేరాను. ఏ జిల్లాదో చెప్పను, అక్కడి ఉద్యోగి నాకు చేసిన మేలుకి అది కృతజ్ఞత. కలరా ఉండల ఘాటు, పాత కాగితం మగ్గిన వాసన, రెండిటి మధ్యా కూచుని పెరుగన్నం తింటున్న రికార్డు అసిస్టెంటు. నా కథంతా విని చెయ్యి కడుక్కుని వచ్చాడు.

‘మాస్టారూ, ఫైలు మూసేటప్పుడు దాని ఆయుష్షు రాస్తామండి. ఎల్.డిస్. అంటే ఏడాది. కె.డిస్. మూడేళ్ళు. డి.డిస్. పదేళ్ళు. ఆర్.డిస్. అంటే శాశ్వతం.’

మనుషులకి చిత్రగుప్తుడు, ఫైళ్ళకి సెక్షను గుమాస్తా. ఆ రెండు పొడి అక్షరాలని బట్టే దేశ చరిత్రలో ఏది మిగలాలో, ఏది బాయిలర్లోకి పోవాలో తేలిపోయింది. భూమి హక్కు అయితే ఆర్.డిస్. సెలవు చీటీ అయితే ఎల్.డిస్.

‘కలెక్టరుగారు మజ్జిగ పుచ్చుకోవడం ఏ డిస్ అవుతుందండీ?’

‘దానికి ఫైలే ఉండదండి. తాగాక కడుపులో నొప్పొస్తే ఉంటుంది.’ కాసేపు ఆలోచించి, ‘మీ ముత్తాతగారికి తగాదాలేవైనా ఉన్నాయాండీ?’ అన్నాడు.

‘అబ్బే, దేవుడులాంటి మనిషట.’

‘అయితే కష్టమండి.’

కష్టమంటూనే వదల్లేదు. డెల్టాలో నీళ్ళ తగాదా లేని ఇల్లుండదని ఆయన సిద్ధాంతం. మా ఊరి పేరుతో, బోదెల తగాదాల కింద వెతికించాడు. అటెండరు మెట్ల మీద రెండు దెబ్బలు వేసి తెచ్చిన ఎర్రగుడ్డ మూట విప్పితే, అంతకు ముందెప్పుడు విప్పారో గాని, ముడి గుర్తు గుడ్డలోనే పడిపోయి ఉంది. మీద కాగితాలకి షిఫాను గుడ్డ అతికించి బతికించారు. కింద వాటికి ఆ అదృష్టం లేదు. గుండుసూది తుప్పుపట్టి, నాలుగు కాగితాలనీ ఒకే చోట తినేసింది. కోర్టు ఫీజు స్టాంపు పక్కన గోధుమరంగులోకి తిరిగిన సిరా. ‘మహారాజశ్రీ కలెక్టరు దొరవారి సముఖానకు’ అన్నంతవరకూ నాకు అర్థమైంది. ఆ తరవాతంతా గొలుసుకట్టు. అక్షరం అక్షరం చెయ్యి పట్టుకుని ఉప్పాడ కెరటాల్లా పోతున్నాయి. అసిస్టెంటుగారు కళ్ళజోడు పైకెత్తి, పంచాంగం చదివినట్టు చదివాడు.

మా ముత్తాత!

దేవుడులాంటి మనిషి, పక్క చేను ఆసామీ మీద ఏటా ఒక అర్జీ దాఖలు చేశాడు. వాడు బోదె రెండడుగులు జరిపాడు. వాడు గట్టు మీద కొబ్బరి మొక్కలు పెట్టాడు. వాడి గేదె మా నారుమడిలో పడుకుంది, బుద్ధిపూర్వకంగా. దానికి పక్క ఆసామీ ఎదురర్జీలు. వాటి నిండా మా ముత్తాత గుణగణాలు. ఆ వర్ణన ఇక్కడ రాస్తే మా ఇంట్లో నాకు కాఫీ దొరకదు. చివరికి కలెక్టరుగారే జమాబందీ క్యాంపులో బోదె చూశారు. చూసి, ఇద్దరి మాటా నమ్మేలా లేదని నోటు రాసి వెళ్ళారు.

ఇంతేనా అని మూట కట్టబోతుంటే అడుగున మరో కాగితం. దొరగారి క్యాంపు నౌకర్లు మూడు పూటలు మా ఇంటినుంచి పాలూ మజ్జిగా తీసికెళ్ళి డబ్బులివ్వలేదనీ, మొత్తం పదకొండణాలు ఇప్పించవలెననీ మా ముత్తాత పెట్టిన అర్జీ. మజ్జిగ! సర్కారు రికార్డులో, ముద్రతో సహా! ఆవకాయ లేదు, అరుగు లేదు. ఆ మజ్జిగ దొరే తాగాడో, ఆయన గుర్రం తాగిందో కూడా లేదు. బాకీ పడ్డారు కాబట్టి ఆ మజ్జిగ బతికింది. ఊరికే పోసి ఉంటే ఏనాడో ఆరిపోయేది.

కలెక్టరు తహసీల్దారుని రిపోర్టు అడిగాడు. తహసీల్దారు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుని అడిగాడు. ఆయన మునసబుని అడిగాడు. మునసబు, అర్జీదారు ఇష్టపూర్వకంగానే ఇచ్చాడని రాశాడు. మునసబు ఎవరా అని సంతకం చూస్తే, పక్క ఆసామీ బావమరిది. తరవాత ఒక రిమైండరు, దాని మీద ఇంకో రిమైండరు. డబ్బు ముట్టినట్టు రసీదు లేదు. బోదె తగాదాతో కలిపి కుట్టడం వల్ల ఈ కాగితానికి కూడా ఆర్.డిస్. భాగ్యం పట్టింది.

నకలు తీసుకెళ్ళి పెదనాన్న చేతిలో పెట్టాను. అర్థమంతా చెప్పాను. ఆయన విన్నది ఒక్క ముక్క. ‘చూశావా, తాగాడు!’ వెంటనే డల్లాస్‌కి ఫోను. మనవడు అభినందించాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

రాత్రి నిద్ర పట్టలేదట ఆయనకి. తెల్లారేసరికి కాలెండరు వెనకాల లెక్కలు వేసి ఉన్నాయి. పదకొండణాలు, నూటికి నెలకి రూపాయి వడ్డీ, నూరేళ్ళ పైమాట, బారువడ్డీ ఒకటి, చక్రవడ్డీ ఒకటి. చక్రవడ్డీ అంకె కింద రెండు గీతలు గీశాడు. అర్జీ కూడా రాసేశాడు. ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాట రికార్డులోంచి కొట్టేయాలని మొదటి ప్రార్థన, బాకీ ఇప్పించాలని రెండోది.

సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సుకి నేనే తీసికెళ్ళాను. మానితే ఒంటరిగా వెళ్తాడు. టోకెను ఇచ్చారు. కౌంటరు దగ్గర కుర్రాడు అర్జీ ఆసాంతం చదివాడు, నవ్వలేదు, ఆ నిగ్రహానికి వాడు పైకొస్తాడు. నకలు తిరగేసి, మీద ఉన్న జిల్లా పేరు చూసి, వేలు పెట్టి చూపించాడు.

‘తాతగారూ, బాకీ పడ్డది పాత జిల్లా అండి. మాకు సంబంధం లేదు. అక్కడ పెట్టుకోవాలి.’

పెదనాన్న ఏమాత్రం నిరుత్సాహపడలేదు. ఆ మాటే రాసిమ్మని సంతకం, ముద్ర వేయించుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకుని, బందరు బస్సు ఎన్నింటికో కనుక్కోమన్నాడు.