ఎడమవైపు పేరు

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ పక్క సందులో ఒక సర్కారు బడి. రెండు గదులు కొత్తగా కట్టి, సున్నం వేసి, తాళం పెట్టారు. ప్రారంభోత్సవం అయ్యాకే తీయాలన్నారు. నాలుగు నెలలైనా ఆ తాళం తీయలేదు. పిల్లలు ఎదురుగా రేకుల షెడ్డులోనే కూర్చున్నారు. కాలబైశాఖి గాలివాన వచ్చిన మర్నాడు షెడ్డులో చీలమండల దాకా నీళ్లుండేవి. వంటామె చీపురుతో నీళ్లు బయటికి నెట్టేదాకా పలకలు నెత్తిన పెట్టుకుని నిలబడేవారు.

తగువంతా శిలాఫలకం దగ్గర.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ పెట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కలాసీలు, ఫిట్టర్లు వచ్చారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇక్కడే పుట్టారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఖరగ్‌పూర్ సదర్ అసెంబ్లీ సీటు 2016లో ఒకసారి, 2019 ఉపఎన్నికలో ఒకసారి, 2021లో మరోసారి పార్టీ మారింది. అలాంటి ఊళ్లో తెలుగు వీధి ఓటును ఎవరూ వదులుకోరు.

అందుకే ఫలకం మీద తెలుగు లైను ఉండి తీరాలని కౌన్సిలరూ పట్టుబట్టాడు, మాజీ కౌన్సిలరూ పట్టుబట్టాడు. పార్టీలు వేరు. ఇద్దరివీ సిక్కోలు నుంచి వచ్చిన కుటుంబాలే. బెంగాలీ లైను ఆఫీసు నుంచి ఖరారై వచ్చింది. హిందీ లైనుకి ఎవరూ అడ్డు చెప్పలేదు. తెలుగు లైనులో ప్రారంభకుల పేర్లు రెండు. ఏది ముందు?

హెడ్మాస్టరు బెంగాలీ. పొద్దున్న ఒకరి ఇంటికి, సాయంత్రం ఇంకొకరి ఇంటికి తిరిగాడు. ఒకదాని కింద ఒకటి వేద్దామంటే, పైన ఎవరిదని అడిగారు. రెండు రాళ్లు పెడదామంటే, గుమ్మానికి కుడిపక్క ఎవరిదని అడిగారు. ఓ రోజు రెండు పార్టీల కుర్రాళ్లు బడి గేటు దగ్గర కాలర్లు పట్టుకున్నారు. ఆ గొడవలో షెడ్డు రేకు ఒకటి ఊడింది. మళ్లీ ఎవరూ బిగించలేదు.

చివరికి ఒకే లైనులో పక్కపక్కనే వేయడానికి ఒప్పుకున్నారు. ఎడమవైపున్నదే మొదటి పేరు. అది ఎవరిదో తేల్చడానికి వంటామె మురీల డబ్బాలో చీటీలు వేసి కలిపింది. చీటీ కౌన్సిలర్‌కి వచ్చింది. మాజీ లేచి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత, పేరు ఉంటే చాలని కబురు పంపాడు.

ఇక తెలుగు లైను రాసివ్వాలి. బడిలో తెలుగు మాస్టారు రిటైరై సొంతూరు వెళ్లిపోయాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. హెడ్మాస్టరు కాగితం కౌన్సిలర్ ముందు పెట్టాడు. "ఎవరిచేతైనా రాయించండి" అన్నాడు కౌన్సిలర్. మాజీ దగ్గరికి తీసుకెళ్తే ఆయనా అదే మాటన్నాడు.

నింపురాలో ఉండే ఒక ముసలి ఫిట్టరు రాసిచ్చాడు. వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషి. చదివింది ఊళ్లో ఐదో తరగతి దాకా. బటర్ పేపరు మీద స్కేలు పెట్టి గీత గీసుకుని, రెండు పేర్లూ నల్ల సిరాతో దిద్దాడు. ఒక్క తలకట్టు హెచ్చు కాలేదు, ఒక్కటి తగ్గలేదు.

సభకు ముందురోజు సాయంత్రం రాయి చెక్కే మేస్త్రి దగ్గరికి వెళ్లాడు. రాయి తయారైంది. మేస్త్రి తడిగుడ్డతో తుడిచి చూపించాడు. ఫిట్టరు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇంకో రాయి చెక్కాలంటే ఎంతవుతుంది?"

"రెండువేలు. ఎందుకు కాకా?"

పింఛను తీసుకుని వచ్చిన రోజు. ఫిట్టరు రెండువేలు లెక్కపెట్టి, మడిచి, కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నాడు.

"రేపు సభ కానీ. అందులో ఒక్కరు చదివినా చాలు, నీ దగ్గరికి వస్తాను."

సభ బాగా జరిగింది. రిబ్బను చెరో పక్క పట్టుకుని ఇద్దరూ కత్తిరించారు. పసుపు గుడ్డ తీశారు. కౌన్సిలర్ ఫలకం ముందుకు వెళ్లి, తెలుగు లైనులో ఎడమవైపు పేరు మీద వేలు పెట్టాడు. "మన భాషలో, మన గడ్డ మీద, మొదటి పేరు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వేలు అలాగే ఉంచి ఫొటోలు తీయించుకున్నాడు. మాజీ కుడివైపు పేరు పక్కన ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు. తెలుగు భాష గురించి ఇద్దరూ మాట్లాడారు. కౌన్సిలర్ హిందీలో మాట్లాడాడు. మాజీ కొంచెం బెంగాలీ కూడా కలిపాడు. లడ్డూలు పంచారు. ఫలకంతో సెల్ఫీలు దిగడానికి చీకటి పడేదాకా జనం వస్తూనే ఉన్నారు.

అందరూ వెళ్లాక ఫిట్టరు జేబులోంచి గడ్డం గీసుకునే అద్దం తీసి ఫలకానికి ఎదురుగా పట్టుకున్నాడు.

గిన్నెలు కడుగుతున్న వంటామె చూసింది. "ఏటి తాతా, మొకం సూసుకుంటన్నావా?"

"నేదమ్మా. సదువుకుంటన్నాను."

బటర్ పేపరు మీద రాసింది వెనక నుంచి చూసినా కనిపిస్తుంది. మేస్త్రికి తెలుగు రాదు. కాగితం తిరగేసి రాయి మీద పరిచి చెక్కాడు. ఫలకం మీద ప్రతి తలకట్టూ ఎడమకి తిరిగి ఉంది. కౌన్సిలర్ పేరు కుడివైపుకి పోయింది. ఆయన వేలు పెట్టింది మాజీ పేరు మీద.

ఇది జరిగాక రెండు చైత్రాలు వెళ్లాయి. పిల్లలు రోజూ ఆ ఫలకం పక్కనుంచే లోపలికి వెళ్తారు. తెలుగు మాస్టారి పోస్టు ఖాళీగానే ఉంది.

రెండువేలూ కళ్లజోడు పెట్టెలోనే ఉన్నాయి.