మన కొండల్లో లేవేటి?

విశాఖపట్నం నుంచి సింగపూర్ వెళ్లే తల్లిదండ్రుల్లో ఒక రకం మనిషి ఉంటాడు. గొలుగొండ పెద్దాయన అందాం. అందరికీ తీరిక కుదిరిన ఆదివారం కొడుకూ కోడలూ ఆయన్ని బొటానిక్ గార్డెన్స్‌కి తీసుకెళ్తారు. 1859లో మొదలైన తోట, మహానగరం నడుమ 82 హెక్టార్లు, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు అంటూ కొడుకు దారిపొడవునా చెబుతూనే ఉంటాడు. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని అంతా వింటాడు. విని, "బాగుందిరా. ఇవన్నీ మన కొండల్లో లేవేటి?" అంటాడు. నిద్రగన్నేరు కింద నిలబడి, ఇంతకన్నా పెద్దది నర్సీపట్నం రోడ్డులో ఉందంటాడు. ఆర్కిడ్ల తోటకి టికెట్టు తీస్తుంటే అడ్డం పడతాడు: "చెట్టు మీద పెరిగే బదనికకి డబ్బులేటి?" ఇక ఏ మాను ముందు నిలబడ్డా ఆయనవి మూడే ప్రశ్నలు. కాయ తింటారా, కలప చెదకి ఆగుతాదా, ఆకు పశువు మేస్తాదా? మూడింటికీ కాదంటే ఆ మాను ఆయన లెక్కలో లేనట్టే.

నాన్నకి రసజ్ఞత లేదని పిల్లలు చిన్నబోతారు. నా వాదన వేరు. ఆ పూట తోటలో ఫొటోలు దిగేవాళ్లూ, పరుగు పెట్టేవాళ్లూ, పచ్చిక మీద దుప్పటి పరుచుకున్నవాళ్లూ ఎందరున్నా, తోటని కట్టినవాళ్ల కళ్లతో చూస్తున్నది ఈయన ఒక్కడే. ఇలాంటి తోటలు పుట్టిందే ఆయన అడిగే ప్రశ్నల నుంచి. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి దాదాపు 70,000 రబ్బరు గింజలు లండన్ దగ్గరి క్యూ తోటకి చేర్చాడు. మరుసటి ఏడు అక్కణ్నుంచి 22 మొక్కలు సింగపూర్ వచ్చాయి. 1888లో తోట పగ్గాలు పట్టిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా పాలు తీసే పద్ధతి కుదిర్చి, రబ్బరు వెయ్యండి మొర్రో అని తోటల యజమానుల వెంటపడ్డాడు. కనిపించిన వాళ్ల జేబుల్లో గింజలు కుక్కేవాడని చెబుతారు. ఆయనకి దక్కిన బిరుదు 'పిచ్చి రిడ్లీ'. తరవాత మోటారు కార్లొచ్చాయి, టైర్లొచ్చాయి, మలయా అంతా రబ్బరు తోటలైపోయింది; పిచ్చి సంగతి ఎత్తినవాడు లేడు. అంత దూరం ఎందుకు, అంతకు నూరేళ్ల ముందు మన సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ మిరియాల సాగుకి తంటాలు పడిందీ లాభం కోసమే. 1787లో రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన కలకత్తా తోటని 1793లో ఆ రాక్స్‌బర్గే అందుకున్నాడు. అక్కడా మొదటి ఆశలు సుగంధద్రవ్యాల మీదా, ఓడలకి పనికొచ్చే టేకు మీదా. కాయా కలపా అడగని వృక్షశాస్త్రం అప్పట్లో ఈస్టిండియా కంపెనీకి అక్కర్లేదు.

కాలం మారింది, ఇప్పుడు ఈ తోటలు అందానికీ, అంతరించే జాతుల రక్షణకీ కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ అవసరం ఎరిగినవాడు చెట్టుకి శత్రువు కానక్కర్లేదు. మన్యంలో పోడు కొట్టేవాళ్లు కూడా ఇప్పనీ, మామిడినీ, చింతనీ, జీలుగునీ వదిలేసేది వాటి విలువ తెలిసే. ఇక ముట్టరాదన్న బోర్డు చూస్తే పెద్దాయన మొహం ముడుచుకుంటుంది. దానికీ చరిత్ర ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తాతల నాటి అడవిలో చెయ్యి పెట్టాలంటే మన్యం మనిషి ఎవరినో అడగాల్సి వచ్చింది. ఆ కడుపుమంటే 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది; ఆగస్టులో దాడి జరిగిన పోలీసు స్టేషన్లలో ఒకటైన కృష్ణదేవిపేట ఈ గొలుగొండ మండలంలోదే, రాజు సమాధి ఉన్నదీ అక్కడే. అలాగని సింగపూర్ తోటమాలి మీద ఆ పగ తీర్చుకోవడం కుదరదనుకోండి.

ఆయన్ని వెనకేసుకు రాలేని చోటు ఒకటుంది. అదే "మన కొండల్లో" అన్న మాట. ఊరి చుట్టుపక్కల చూపించి ఆయన మురిసిపోయే జీడిమామిడి బ్రెజిల్‌ది. రోడ్డు పక్క నిద్రగన్నేరు అమెరికా ఖండపు చెట్టు. సీతాఫలం, పేర్లో సీతమ్మ ఉన్నా, ఆ దిక్కు నుంచి వచ్చిందే. జామా అంతే. ముసలమ్మ మొదలు మునిమనవడి దాకా మనదేననుకునే చింత కూడా ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడింది. ఈ విషయంలో పెద్దాయన నూటికి నూరుపాళ్లూ తప్పు. అయితే ఆయన పెరడే ఓ చిన్న బొటానికల్ గార్డెన్ అన్నమాట. టికెట్టు లేదు, అంతే తేడా.

కాబట్టి సింగపూర్‌లో ఉన్న కొడుకులకీ కోడళ్లకీ ఒక మనవి. ఈసారి ఆయన్ని ముందు ఆర్కిడ్ల దగ్గరికి కాదు, రబ్బరు చెట్టు దగ్గరికి తీసుకెళ్లి రిడ్లీ కథ చెప్పండి, గంటసేపు కదలడు. తిరుగు ప్రయాణం నాడు మాత్రం చొక్కా జేబు ఓసారి తడిమి చూడండి. అనుమతి పత్రాలు లేకుండా విదేశీ విత్తనం మన దేశంలోకి తేకూడదు.