భిలాయి నుంచి బావకి వన్స్ మోర్

పవర్ హౌస్, భిలాయి
మాఘ మాసం, ఆదివారం

బావా,

దుర్గ్ పాసింజరులో వచ్చినవాళ్ళ చేత నువ్వు పంపిన ఆవకాయ జాడీ, దాని మూతకి కట్టిన పెన్ డ్రైవూ చేరాయి. టిట్లాగఢ్ దగ్గరెక్కడో జాడీ ఒరిగిందట. నూనె వాళ్ళ దుప్పటి దాకా వచ్చింది గాని నాటకం దాకా రాలేదు. కృష్ణుడు తనని తాను కాపాడుకున్నాడు.

పోయిన శివరాత్రి జాగారానికి మనూళ్ళో ఆడిన ‘శ్రీకృష్ణ రాయబారం’ టీవీలో పెట్టుకొని ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. ఆ వీడియో తీసినవాడెవడో గాని, పుట్టి బుద్ధెరిగాక పెళ్ళిళ్ళు తప్ప ఇంకేమీ తీసినట్టు లేడు బావా! కృష్ణుడు రాగానే చుట్టూ గులాబీ రేకులు రాలాయి. ధర్మరాజు హార్టు బొమ్మలోంచి గిర్రున తిరుగుతూ ఊడిపడ్డాడు. సభలో దుర్యోధనుడు కోపంతో లేవబోతుంటే కెమెరా అలవాటు చొప్పున ముందు వరస కుర్చీల మీదకి పోయింది. పెద్దమనుషులు ఒక్కొక్కరూ నమస్కారం పెట్టేదాకా వాళ్ళని వదల్లేదు. ఈలోగా దుర్యోధనుడు లేవడమూ అయిపోయింది, కూర్చోవడమూ అయిపోయింది.

నీ సంగతి చెప్తాను విను. పద్యం సాగినంతసేపూ హార్మోనియం వినిపించింది గాని నువ్వు కనిపించలేదు. పద్యం అయిపోయాక నువ్వు కిళ్ళీని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చుకోవడం మాత్రం తెర నిండా, తీరిగ్గా, పూర్తిగా వచ్చింది. కిళ్ళీ మానేశానని అప్పతో ఒట్టేశావట. ఆ పెన్ డ్రైవు నకలు ఇంట్లో ఉంటే దాచెయ్యి.

మా చిన్నగుంటడు కాసేపు బుద్ధిగా చూసి, “నాన్నా, కృష్ణుడు పడుకున్నప్పుడు సన్నగా ఉన్నాడు కదా, హస్తినాపురం వెళ్ళేసరికి ఇంత లావెలా అయ్యాడు?” అన్నాడు. ఒకటో కృష్ణుడు పడకసీనుకి, రెండోవాడు ఆ తరవాతకి, మూడోవాడు సభకి అని నేను వివరంగా చెప్పబోతుంటే, మీ చెల్లెలు అందుకొని “విదురుడింట్లో భోజనం అయింది కదరా” అంది. వాడికి అదే నచ్చింది.

పెద్దాడు ఊరుకుంటాడా? “నాటకాన్ని ఎలా తియ్యాలో నేను చూపిస్తాను” అని ‘హామిల్టన్’ పెట్టాడు. అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఖజానా చూసిన మంత్రి కథ. రాసిందీ బాణీ కట్టిందీ ఆ వేషం వేసిందీ ఒక్కడే, లిన్ మాన్యుయెల్ మిరండా అని. 2016 జూన్‌లో న్యూయార్క్ రిచర్డ్ రాడ్జర్స్ థియేటర్లో తీసి, 2020 జూలైలో ఇళ్ళలోకి వదిలారు. మంత్రివర్గ సమావేశంలో హామిల్టనూ జెఫర్సనూ మైకులు పుచ్చుకొని, రాష్ట్రాల అప్పు ఎవరు తీర్చాలని ర్యాపులో దెబ్బలాడుకున్నారు. నాకేటీ కొత్తగా లేదు. ఐదూళ్ళడిగితే ఇవ్వననే తగువు మన తిరుపతి వేంకట కవుల పద్యాల్లో వందేళ్ళకి పైగా వింటున్నదే. మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు. ఆ టైముకి మన పందిట్లో ఇంకా మైకు టెస్టింగే నడుస్తుంది. వాళ్ళ ఇంటర్వెల్ ఒక్క నిమిషం! ఒక్క నిమిషంలో మన కృష్ణుడు కిరీటం పిన్నులైనా విప్పగలడా?

అంతా బాగానే ఉంది గాని, పెద్దాడు చెప్పిన ఒక ముక్క నాకు మింగుడుపడలేదు. జనం నిండిన ఆటలు తియ్యడంతో పాటు, దగ్గర షాట్ల కోసం కొన్ని పాటల్ని జనం లేకుండా మళ్ళీ ఆడించారట. ఖాళీ హాల్లో! మన మూడో కృష్ణుణ్ణి ఖాళీ పందిట్లో పాడమని చూడు. అడ్వాన్సు తిరిగివ్వకుండానే బస్సెక్కేస్తాడు.

ఇక మన రికార్డింగులో జరిగిన అసలు ఘోరానికి వస్తాను. రాయబారం సీనులో జెండా పద్యం ఎత్తుకున్నాడు మూడో కృష్ణుడు. ఆ రాగం మా స్టీల్ ప్లాంటు నుంచి వెళ్ళే 260 మీటర్ల రైలు పట్టాలాగ ఎక్కడా అతుకు కనపడకుండా సాగి సాగి ఆగింది. పందిరి లేచిపోయింది. ఈలలు, “వన్స్ మోర్” అని కేకలు. నేనిక్కడ కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. అంతే, టక్కున కర్ణుడు ప్రత్యక్షం! వన్స్ మోర్ ఏమైందని వీడియోవాడికి ఫోన్ చేశాను. “ఒకే పద్యం రెండుసార్లు పడిందండి, మిస్టేకనుకొని కట్ చేసేశాను” అన్నాడు. పైగా, దానికి ఎక్స్‌ట్రా డబ్బులేమీ తీసుకోలేదట.

“వెనక్కి తిప్పుకొని మళ్ళీ చూడండి, రిమోటు మీ చేతిలోనే ఉంది కదా” అంటుంది మీ చెల్లెలు. తిప్పితే వచ్చేది మొదటి పద్యమే. వన్స్ మోర్‌కి పాడేది వేరని హార్మోనియం ముందు కూర్చునే నీకు నేను చెప్పాలా? మొదటిసారి కవి రాసింది పాడతాడు, రెండోసారి జనం అడిగింది పాడతాడు. సంగతి మారుస్తాడు, ఇంకో మెట్టు పైకెక్కుతాడు, వస్తావా అన్నట్టు నీ వైపు ఓ చూపు విసురుతాడు. నువ్వు బెల్లోసు గట్టిగా నొక్కి వెంటపడతావు. ఈలపాట రఘురామయ్య వేలు నోట్లో పెట్టుకొని పద్యాన్ని ఈలలో పలికించేవాడని, మన వైపు పీసపాటి నరసింహమూర్తి గారు రాగం తగ్గించి మాటకి ప్రాణం పోసేవారని మా తాత చెప్పేవాడు. ఆయన విన్న గ్రామఫోను ప్లేటుకి ఒక్కోవైపు మూడు నిమిషాలే చోటు. ప్లేటుకి పాడినవాళ్ళు గడియారం చూసుకొని పాడారు. పందిట్లో పాడినవాళ్ళకి గడియారం జనమే.

ఈ గొడవలో ఉండగా పక్కింటి కాకా వచ్చాడు. ప్లాంటులో రిటైరైనవాడు, అచ్చమైన ఛత్తీస్‌గఢీ, తెలుగు ముక్క రాదు. ద్రౌపది విరబోసిన జుట్టు చూసి కథ పోల్చేశాడు. కుర్చీ వద్దని చాప మీద మఠం వేసుకొని, కృష్ణుడు ఊపిరి తీసుకున్న చోటల్లా “హవ్!” అనడం మొదలెట్టాడు. ఇక్కడివాళ్ళకి అవునంటే హవ్. మా పిల్లలు నవ్వాపుకోలేకపోయారు. నాకు మాత్రం విషయం అర్థమైంది. వీళ్ళది పండవానీ అలవాటు, అంటే భారతకథని పాడుతూ చెప్పడం.

పండవానీ పాడిన తీజన్ బాయి పేరు వినే ఉంటావు. మాకు దగ్గర్లోని గనియారీ ఆవిడది. మా స్టీల్ ప్లాంటులోనే ఉద్యోగం చేసింది. 1987లో పద్మశ్రీ, 2019లో పద్మవిభూషణ్. చేతిలో తంబూరా ఒక్కటే ఆస్తి. అదే భీముడి గద, అదే అర్జునుడి విల్లు. పాండవులైదుగురూ కౌరవులు నూరుగురూ ఆవిడొక్కతే. మనకేమో ఒక్క కృష్ణుడికే ముగ్గురు కావాలి. ఆవిడ పక్కన రాగీ అని ఒకడుండేవాడు. వంత పాడేవాడు, ఊకొట్టేవాడు, తరవాతేమైందని అడిగేవాడు. ఆవిడ కథ చెప్పేది సగం వాడికి, సగం మనకి. అందుకే పండవానీ రికార్డింగు ఇంట్లో పెట్టుకున్నా వెలితి ఉండదు. వాళ్ళ ఊకొట్టేవాడు వేదిక మీదే ఉంటాడు, కెమెరాలో పడతాడు. మన ఊకొట్టేవాడు నేల మీద దుప్పటి కప్పుకొని కూర్చుంటాడు, కత్తెరలో పోతాడు. ఆవేళ మా ఇంట్లో మన కృష్ణుడికి రాగీ దొరికాడు. భాష రానివాడైతేనేం, తెల్లారగట్ల వరకూ కదల్లేదు. మన సుయోధనుడు ఐదూళ్ళు ఇవ్వనన్నప్పుడు మాత్రం హవ్ అనకుండా తిట్టాడు.

కాబట్టి బావా, ఈ శివరాత్రికి వీడియోవాణ్ణి ముందే కూర్చోబెట్టి చెప్పు. గులాబీ రేకులు వద్దు. ప్రెసిడెంటు గారిని ఒక్కసారి చూపిస్తే చాలు. వన్స్ మోర్ అన్న చోట కత్తెర ముట్టుకోకూడదు. రెండు కాదు, నాలుగుసార్లు పాడినా నాలుగూ ఉండాలి. జనం అరుపుల కోసం పందిట్లో ఇంకో మైకు కట్టించు. దాని అద్దె నేనిస్తాను.

ఇవాళే ఫోన్లో 516 రూపాయలు వేశాను, మూడో కృష్ణుడికి చదివించు. “పవర్ హౌస్, భిలాయి వాస్తవ్యులు” అన్నది మైకులో స్పష్టంగా వినపడాలి. కాకాకి కూడా చూపించాలి. ఒకటే మనవి. నా పేరు చదివాక ఎవరైనా వన్స్ మోర్ అంటే మాత్రం ఒప్పుకోకు. జీతం ఇంకా పడలేదు.

ఇట్లు,
నీ బావమరిది