ఒక్క పంచరు, నాలుగు టైర్లు: టీకా తాత్పర్య సహితం

మూలం: 215/60 ఆర్17 96 హెచ్.

ఇది ఏ తాళపత్రంలోదీ కాదు, కారు టైరు పక్కగోడ మీద అచ్చుగుద్దిన సూత్రం. ఏళ్ల తరబడి కళ్లెదుటే తిరుగుతున్నా, గాలి దిగిపోయి యజమాని రోడ్డు పక్కన గొంతుకూర్చునే రోజు వచ్చేదాకా దీన్ని ఎవరూ చదవరు. ఆ రోజు కూడా ఫోన్లో టైర్ల షాపుకు అప్పజెప్పడమే తప్ప అర్థం విచారించరు. సూత్రం క్లుప్తం, భావం గూఢం, చదివేవాడు చిరాకులో ఉన్నాడు. టీక రాయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అవతారిక. టీక పుట్టిన చోటు గద్వాల సీమ, అదీ తగినదే. పండితులను పోషించిన పుణ్యానికి గద్వాల సంస్థానానికి ‘విద్వద్గద్వాల’ అని పేరు వచ్చింది. వనపర్తి, కొల్లాపురం, ఆత్మకూరు సంస్థానాలూ ఈ చుట్టుపక్కలవే. ఇక టీకల విషయానికొస్తే, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథ సూరిది మెదక్ సీమలోని కొల్చారం అంటారు. ఆధారం లేని మాట రాయననీ, అక్కర లేని మాట ఎత్తననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు ఒట్టులో మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగం మాత్రం కాస్త సడలించుకున్నాడు. పంచరైన వాడికి కాలక్షేపం కూడా కావాలి కదా.

సందర్భం. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చిన ఒక ఆల్‌వీల్‌డ్రైవ్ కారు పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణమ్మను దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల దారి పట్టిందనుకుందాం. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేల నడిగడ్డ. పత్తి విత్తనాల సాగుకు పేరుపడ్డ చోటు. పొలాల దారుల్లో ట్రాక్టర్లు, ట్రాలీలు తెగ తిరుగుతాయి. ట్రాలీలోంచి ఊడిపడ్డ మేకొకటి ఎండలో పడుకుని ఉంది. కారు వచ్చి దాన్ని తొక్కింది. డ్యాష్‌బోర్డు మీద గాలి తగ్గిందని పసుపు దీపం వెలిగింది.

ప్రతిపదార్థం. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే ఆ వెడల్పులో నూటికి అరవై పాళ్లు పక్కగోడ ఎత్తు, అంటే 129 మి.మీ. ‘ఆర్’ అంటే రేడియల్, లోపలి తాళ్లు అంచు నుంచి అంచుకు అడ్డంగా పోయే అల్లిక. దీన్ని ‘రేడియస్’ అని చదివేవారున్నారు, అది అపపాఠం. 17 రిమ్ము వ్యాసం, కానీ అంగుళాల్లో. వెడల్పు మిల్లీమీటర్లలో చెప్పి వ్యాసం అంగుళాల్లో చెప్పడం వైరి సమాసమే. చిన్నయసూరి చూసి ఉంటే ఎర్రసిరాతో కొట్టేసేవాడు. 96 బరువు సంకేతం, ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుందని. ‘హెచ్’ వేగ సంకేతం, గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. ఎర్రవల్లి-గద్వాల రోడ్డు మీద ఈ అక్షరం ఉత్త పాదపూరణం.

పూర్వపక్షం. “ఒక్క టైరు పోయింది. ఒక్కటే కొత్తది వేస్తే సరి. ఇందులో మీమాంస ఏముంది?” అని యజమాని.

ముందు రెండు చక్రాలే లాగే మామూలు కారైతే ఈ వాదన చాలావరకు నిలుస్తుంది. నాలుగు చక్రాలూ లాగే ఆల్‌వీల్‌డ్రైవ్ దగ్గరే చిక్కు. పైసూత్రం ప్రకారం కొత్త టైరు చుట్టుకొలత సుమారు 2,167 మి.మీ. కొత్త టైరులో గాడి లోతు దాదాపు 8 మి.మీ. ఉంటుంది. మిగతా మూడూ అరిగి 4 మి.మీ. మీద ఉన్నాయనుకుంటే వాటి చుట్టుకొలత 2,142 మి.మీ. తేడా 25 మి.మీ., అంటే బొటనవేలంత. చిన్న చక్రం పెద్దదానికంటే ఎక్కువ చుట్లు తిరగాలి. లెక్క కడితే కిలోమీటరుకు ఐదు చుట్లకు పైనే. గద్వాల నుంచి సుమారు 190 కిలోమీటర్ల హైదరాబాదు చేరేసరికి కొత్త చక్రానికీ దాని జోడుకూ మధ్య వెయ్యి చుట్ల తేడా పేరుకుంటుంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య అందులో సగం.

కారు మలుపు తిరిగినప్పుడు నాలుగు చక్రాలు నాలుగు దూరాలు నడుస్తాయి. ఆ తేడా సర్దడానికే డిఫరెన్షియల్ ఉంది. ఆల్‌వీల్‌డ్రైవ్‌లో ఇరుసుల నడుమ కూడా ఒక మధ్యవర్తి ఉంటుంది. కొన్నిట్లో అది డిఫరెన్షియల్, కొన్నిట్లో క్లచ్చు పలకల కట్ట, పాతవాటిలో సిలికాన్ ద్రవం నింపిన కప్లింగు. మలుపులో దానికి పని, తిన్నటి రోడ్డు మీద విశ్రాంతి. ఒక చక్రం పెద్దదైతే ఆ విశ్రాంతి పోతుంది. కారు తిన్నగా పోతున్నా దాని లెక్కలో ఎప్పుడూ మలుపే. పలకలు రాసుకుంటాయి, వేడెక్కుతాయి, కాలుతాయి. అత్తాకోడళ్ల మధ్య ఇరవై నాలుగు గంటలూ సర్దిచెప్పే కొడుకు గతి దానికి పడుతుంది. ఆ భాగం బాగుచేయించే ఖర్చు ముందు టైర్ల ఖర్చు చిల్లర. అందుకే సుబారు కంపెనీ నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం దాటొద్దంటుంది. అది గాడి లోతులో ఒక్క మిల్లీమీటరు.

“సరే, జంటగా రెండు మారుస్తా” అని పూర్వపక్షి రెండో అడుగు వేస్తాడు. మామూలు కార్లలో పెద్దలు చెప్పే మాటే ఇది. ఇక్కడ మాత్రం తప్పుదారి. ఒకే ఇరుసుకు రెండూ కొత్తవైతే ఆ ఇరుసులో కుడి ఎడమలకు రాజీ కుదురుతుంది, కానీ వెయ్యి చుట్ల తేడా మొత్తం ముందు వెనకల మధ్యకు, ఆ మధ్యవర్తి నెత్తిమీదికే వస్తుంది. కాబట్టి సిద్ధాంతం: నాలుగూ మార్చాలి, లేదా అంతే అరిగిన అదే కంపెనీ టైరు ఒకటి వెతకాలి. అమెరికాలో కొత్త టైరునే యంత్రం మీద చెక్కి, పాతవాటి ఈడుకు తెచ్చి అమ్మే షాపులున్నాయి. అక్కడి తెలుగువాళ్లలో సుబారు నడిపేవారికి ఇది కొత్త కాదు. ఎర్రవల్లిలో ఆ ఊసెత్తితే పంచర్ షాపు పిల్లవాడు కొత్త టైరును ఎందుకు అరగదీస్తారని విస్తుపోతాడు. అతని ప్రశ్నలోనూ న్యాయముంది.

అలంకారం. ఇక్కడ వ్యతిరేకం. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల దారాన్ని జతచేసి అతుకు తెలియకుండా నేయడమే అక్కడి నేతగాళ్ల గొప్ప. నాలుగు చక్రాల నేతలో అలాంటి జత పనికిరాదు. ఉపమానం నేసిన ఊళ్లోనే ఉపమేయం ఓడిపోయింది.

పాఠాంతరం. థార్, జిమ్నీ, ఫార్చ్యూనర్ 4x4 యజమానులు ఇదంతా చదివి బెదరనక్కర లేదు. అవి మామూలు రోడ్డు మీద రెండు చక్రాలతోనే నడుస్తాయి, లివరో మీటో వాడితే తప్ప ముందు చక్రాలు పనిలోకి రావు. బురదలోనో ఇసుకలోనో నాలుగు చక్రాల గేరు 4హెచ్ వేసుకుంటారు, అక్కడ చక్రం జారి తేడా దానంతటదే సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద వేస్తే మాత్రం ఇరుసులు పెనవేసుకుంటాయి. థార్, జిమ్నీలు వెనక తలుపు మీద మోసే ఐదో చక్రం పూర్తి సైజుది.

నిరుక్తం. ఆ ఐదో చక్రాన్ని మనవాళ్లు ‘స్టెప్నీ’ అంటారు. వేల్స్‌లోని లనెల్లి పట్నంలో స్టెప్నీ వీధి ఉంది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు విడి చక్రం అమ్మకం మొదలుపెట్టారు. వీధి పేరు చక్రానికి అంటుకుని ఓడెక్కి వచ్చింది. ఇంగ్లండులో ఆ మాట దాదాపు మరుగున పడింది, పాలమూరులో బతికే ఉంది.

అయితే ఇప్పటి స్టెప్నీలు చాలావరకు బక్కచిక్కినవి, గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దని వాటి మీదే రాసి ఉంటుంది. చుట్టుకొలత తేడా ఉంటే ఇందాకటి గొడవే మళ్లీ. పాత ఆటోమేటిక్ సుబారుల్లో ఇందుకోసమే ఒక ఖాళీ ఫ్యూజు గడి ఉండేది. చిన్న స్టెప్నీ వేసినప్పుడు అందులో ఫ్యూజు పెడితే వెనక చక్రాలకు లాగుడు ఆగిపోయేది. ఇక 2020 జులైలో కేంద్రం నిబంధన సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చూపే ఏర్పాటు, పంచరు కిట్టు ఉంటే స్టెప్నీ లేకున్నా ఫరవాలేదు. మేకు తొక్కితే కిట్టు చాలు. పక్కగోడ చీలితే ఆ జిగురు సీసా పూజకు కూడా పనికిరాదు.

అసలు పరీక్ష నాగర్‌కర్నూల్ జిల్లాలో, మన్ననూరు దాటి నల్లమలలోకి పోయే శ్రీశైలం దారిలో. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఆ అడవిలోకి బండ్లను వదలరు. సాయంత్రం ఫర్హాబాద్ దగ్గర టైరు తుస్సుమంటే ఫోనుకు సిగ్నలు దొరకడమే గగనం. ఎలాగో సహాయం వచ్చినా, ముందు చక్రాలు ఎత్తి వెనకవి రోడ్డు మీద ఈడ్చుకుపోయే బండి ఆల్‌వీల్‌డ్రైవ్ కారుకు శత్రువు. ఈడ్చే దూరమంతా ఆ మధ్యవర్తి నలుగుతాడు. కారును మొత్తంగా పైకెక్కించుకునే బండినే పిలవాలి. సొంతంగా చక్రం మార్చుకునేవాడు మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, నేల మీద ఉండగానే నట్లు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. జాకీ మీద ఉండగా ఇంజను ముట్టుకోకూడదు. గేరు పడితే నేల మీది చక్రాలు కూడా లాగుతాయి, బండి జాకీ దిగి తన దారిన తాను పోతుంది.

తాత్పర్యం. పసుపు దీపం వెలగగానే ఆగడం. మేకు నేలను తాకే భాగంలోనే దిగి, రంధ్రం 6 మి.మీ. లోపుంటే లోపలి నుంచి ప్యాచ్ వేస్తే నిలుస్తుంది. “షాపు దగ్గర్లోనే ఉంది కదా” అని గాలి లేకుండా కిలోమీటరు తోలితే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య పక్కగోడ నలిగి చస్తుంది. కొన్ని వందలతో పోయే పంచరు అప్పుడు నాలుగు టైర్ల బిల్లుగా పెరుగుతుంది.

మన యజమాని అలాగే తోలాడు. షాపు అతను టైరు విప్పి, లోపల రాలిన నల్లపొడి దోసిట్లో పట్టి చూపించాడు. “సైడు పోయింది సార్, ప్యాచ్ ఆగది. టైరే మార్చాలె.” తక్కిన మూడింటి గాళ్లలో బొటనవేలి గోరు దించి చూశాడు. “ఇవి సగం అరిగినయ్. ఒక్కటి కొత్తదేస్తే బండి లోపల్లోపల కొట్లాడుకుంటది.” టీకాకారుడు పేజీన్నర రాసింది అతను ఒక్క గోటితో ముగించాడు.

టైరు మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇంకో సూత్రం ఉంది, 2321 అని. 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని దానర్థం. యజమాని వంగి దాని గురించి అడగబోయాడు గానీ, కంప్రెసర్ మోతలో ఆ మాట ఎవరికీ వినపడలేదు.