డ్రమ్ముకు దుప్పటి

స్నేర్ డ్రమ్ము వంశం సైన్యాలది. యుద్ధరంగపు గోలను దాటి చివరి వరసలోని సిపాయి చెవిదాకా ఆజ్ఞ మోసుకెళ్లడం దాని పూర్వీకుల ఉద్యోగం. మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళంవాళ్లు మెడకు తగిలించుకునేది కూడా దాని చుట్టాన్నే. అలాంటిదాన్ని మూడో అంతస్తు ఫ్లాటులో కూర్చోబెట్టి, పక్కవాటాకు వినపడకుండా మోగమంటాం. అది వినదు కనక వైద్యం మొదలుపెడతాం. ఒకరు తువ్వాలు కప్పుతారు, ఒకరు పర్సు పెడతారు, ఇంకొకరు జెల్ బిళ్లలు అంటిస్తారు. దెబ్బలు కొట్టేదీ మనమే, పట్టీలు వేసేదీ మనమే. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

గట్టిగా వాయిస్తే ఈ డ్రమ్ము దగ్గర శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. చెవికి అందులో సగమే అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి. జెల్ బిళ్ల వల్ల అంత పని కాదు. అది దెబ్బ తర్వాత సాగే మోతను తుంచుతుందే కాని, దెబ్బతో పాటు పుట్టే ‘ఠాప్’ జోలికి పెద్దగా పోదు. అడుగున ఉన్న తీగలను మీటతో పూర్తిగా వదిలేస్తే గరగర పోతుంది, మోత మిగులుతుంది. మందపాటి తువ్వాలు శబ్దాన్ని తగ్గించే మాట నిజమే, కాని దాంతోపాటు కర్ర ఎగిరే గుణాన్నీ మింగేస్తుంది. బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్ తువ్వాళ్లు కప్పలేదా అంటారు. కప్పాడు. ఆయనకు కావలసింది రికార్డులో పొడిగా పలికే నాదం, పక్కవాటావాళ్ల కునుకు కాదు.

అసలు శబ్దాన్ని తేల్చేది కర్ర ఎంత ఎత్తు నుంచి దిగుతోందన్నది. అడుగెత్తు నుంచి దిగే కర్రను రెండంగుళాలకు దించి, అంచునూ మధ్యనూ ఒకేసారి బాదే రిమ్‌షాట్ మానేస్తే సగం గొడవ తీరుతుంది. మెల్లగా వాయిస్తే ప్రాణం ఉండదంటారా? జాజ్ డ్రమ్మర్లు తీగల బ్రష్షులతో రాత్రంతా ప్రాణం పోస్తూనే ఉన్నారు. అడుగు తీగలను మరీ బిగించకపోతే చిన్న దెబ్బకూ అవి పలుకుతాయి. మరి వలలాంటి పైపొరలున్న ఎలక్ట్రానిక్ డ్రమ్ములు కొంటే పోలేదా? పోతుంది, ఇంట్లో ఉన్నంతవరకు. శబ్దం తగ్గించడానికి బిరడా తిప్పడమే నేర్చిన చెయ్యి, బిరడా లేని డ్రమ్ము ముందు కూర్చున్న రోజు మళ్లీ యుద్ధమే. మణికట్టును మించిన సైలెన్సర్ లేదు. కాకపోతే అది దుకాణంలో దొరకదు, సాధన చెయ్యాలి. తువ్వాళ్లకు గిరాకీ తగ్గకపోవడానికి కారణం అదే.