‘తొట్టి యెండెనేని’ పద్యానికి బుంగపూరణీ వ్యాఖ్య

ఆ.వె.
తొట్టి యెండెనేని దూరాన నీరున్న
చోటికేగి క్యాను జోళ్లు నింపి
గాలి పోవు దారి కాచుచు మెల్లగా
పోయవలయు నీరు బుంగ నిండ.

అవతారిక

ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. దేశం మాత్రం పద్యంలోనే తెలుస్తోంది. క్యానులున్నాయి, తొట్టి ఉంది, నీరు దూరాన ఉంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, క్వార్ట్‌సైట్ ఊరి చుట్టూ ఉన్న ఎడారి తప్ప ఇది మరోచోటు కాదని మా నిర్ణయం. అక్కడ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి లాపోసా అనే విడిది ఉంది. పర్మిట్ కొనుక్కున్నవాళ్లు సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ట్రెయిలర్ వేసుకుని అక్కడ కాపురం ఉండవచ్చు. విడిది అన్నాం కదా అని పందిళ్లు, పన్నీరు ఊహించుకోకండి. ట్రెయిలర్ ఆపుకున్న చోటికి కరెంటు తీగ రాదు, నీళ్ల పైపు రాదు, మురుగు గొట్టం రాదు. ఈ మూడింటినీ కలిపి అక్కడివాళ్లు హుకప్పులంటారు. అవి లేని చోట దిగడాన్ని బూన్‌డాకింగ్ అంటారు. ట్రెయిలర్ కింద బిగించిన ప్లాస్టిక్ తొట్టిలో ఎన్ని నీళ్లుంటే అన్నిటితోనే వంట, స్నానం, అంట్లు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ సెలవులకు ట్రెయిలర్ అద్దెకు తీసుకునే మనవాళ్లలోనే ఒకరు, అంట్లు సగం తోమి ఉండగా కుళాయి ఆగిపోయిన సందర్భంలో, ఈ పద్యం ఆశువుగా చెప్పి ఉంటారు. ‘పోయవలయు’ అన్న విధ్యర్థకాన్ని బట్టి, చెప్పినవారు పోసినవారు కారని, పక్కన నిలబడ్డవారని కూడా ఊహించవచ్చు.

వ్యాఖ్యకు బుంగపూరణి అని పేరు పెట్టాం. తెలుగు మాటకు సంస్కృతం తగిలించిన దుష్టసమాసమని పండితులు ముఖం చిట్లిస్తారని తెలుసు. ముందు 7 గ్యాలన్ల క్యాను ఒకటి ఎత్తి చూపించి, తర్వాత చిట్లించమని మనవి.

ప్రతిపదార్థం

తొట్టి = ట్రెయిలర్‌లోని మంచినీళ్ల ట్యాంకు; ఎండెనేని = ఖాళీ అయినట్లయితే; దూరాన = నడిచి వెళ్లలేనంత ఎడంలో; నీరు ఉన్న చోటికి = తాగదగిన నీరు దొరికే కుళాయి వద్దకు; ఏగి = బండిలో వెళ్లి; క్యాను జోళ్లు = జతలు జతలుగా క్యానులను; నింపి = నింపుకొని వచ్చి; గాలి పోవు దారి = ట్యాంకులోని గాలి బయటికి వచ్చే మార్గాన్ని; కాచుచు = మూసుకుపోకుండా కనిపెట్టుకుంటూ; మెల్లగా = తొందరపడక; బుంగ నిండ = ఆ ట్యాంకే నిండేటట్లుగా; నీరు పోయవలయు = నీళ్లు పోయాలి.

తాత్పర్యం

ట్యాంకు ఖాళీ అయితే నీళ్లు తెచ్చి పోసుకోవాలి. ఇంతే. ఇంత చిన్న సంగతికి పద్యమెందుకని అడిగేవారు విశేషాలు చదవాలి.

విశేషాలు

‘ఎండెనేని’. ఎండినప్పుడు అనక ఎండెనేని అని కవి ఎందుకు సందేహించాడు? ట్రెయిలర్ లోపలి గోడ మీద నాలుగు దీపాలుంటాయి: ఖాళీ, మూడింట ఒకటి, మూడింట రెండు, నిండు. 40 గ్యాలన్ల ట్యాంకులో మూడింట ఒకటి దీపం వెలుగుతోందంటే, లోపల పద్నాలుగు గ్యాలన్లున్నా ఉండవచ్చు, పాతికున్నా ఉండవచ్చు. ట్యాంకు సెన్సర్ల మీద తడి, మడ్డి పేరుకుంటే ఆ మాటా నమ్మడానికి లేదు. అసలు కబురు పంపు చెబుతుంది. కుళాయి కట్టగానే ఆగిపోవలసిన 12 వోల్టుల పంపు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, కుళాయి నీటికి బదులు గాలి దగ్గుతుంది. అప్పుడుగాని ఎండినట్టు లెక్క కాదు. అందుకే ‘ఏని’.

‘దూరాన నీరున్న చోటికేగి’. ఇక్కడ వ్యాఖ్యాతలకు మూడు రకాల తగాదా.

మొదటి పూర్వపక్షం: ట్రెయిలర్ పక్కన ‘సిటీ వాటర్’ అని రాసి, మరలున్న ఇత్తడి మూతి ఒకటుంటుంది కదా, నీరున్న చోటంటే అదే అని. కాదు. ఆ మూతి ద్వారా వచ్చిన నీరు ట్యాంకును తప్పించుకుని నేరుగా కుళాయిలకు పోతుంది. కొన్ని ట్రెయిలర్లలో లోపల మీట తిప్పితే ట్యాంకుకూ పోతుంది, నిజమే. కాని దానికి వెనక నుంచి ఊరి పైపు ఒత్తిడి తోయాలి. క్యానుకు ఒత్తిడి ఎక్కడిది? మన ట్యాంకుకు వేరే మూత ఉంది, దాని మీద ‘గ్రావిటీ ఫిల్’ అని ఉంటుంది. నీరు తన బరువుతో తాను దిగాలి. మరలున్న చోట పైపు బిగించబుద్ధి కావడం మానవ సహజం కనుక కొత్తవాళ్లు మొదట అక్కడికే వెళ్తారు.

రెండవ పూర్వపక్షం: ట్రెయిలర్‌నే బండికి తగిలించి కుళాయి దగ్గరికి లాక్కుపోవచ్చు కదా అని. జాకీలు ఎత్తి, చక్రాల కింది చెక్కలు తీసి, పక్కకు జరిపిన గదిని లోపలికి లాగి, గిన్నెలన్నీ సర్ది, తిరిగొచ్చాక ఇదంతా తలకిందులుగా మళ్లీ చేసి, మట్టం చూసుకుని నిలబెట్టే ఓపిక ఉన్నవారు ఈ పాఠం చెప్పుకోవచ్చు. ‘క్యాను’ అన్న మాట వ్యర్థమైపోతుంది కాబట్టి మేం ఒప్పుకోం.

మూడవది అర్థభేదం. నీరున్న చోటల్లా నీరున్న చోటు కాదు. మురుగు ఖాళీ చేసే డంపు స్టేషను పక్కన కుళాయి ఉంటుంది. అది మురుగు గొట్టం కడుక్కోవడానికి. తాగరాదని బోర్డు కూడా చాలాచోట్ల ఉంటుంది. ‘పోటబుల్’ అని రాసిన కుళాయి వేరు, అది కాస్త ఎడంగా ఉంటుంది. ఈ రెంటికీ తేడా చూడనివాడికి పద్యం చదవాల్సిన అవసరం లేదు, వైద్యుడు చాలు. లాపోసాలో దక్షిణ భాగాన నీటి కుళాయి, డంపు స్టేషను రెండూ ఉన్నాయి. దూరాన అన్నది ఆ కుళాయికి ఇవతల, గులకరాళ్ల మైదానంలో ఎక్కడో దిగినవాడి మాట. నేషనల్ పార్కుల్లో కొన్ని కుళాయిలకు అసలు మరలే ఉండవు, పైపు తగిలించవద్దని అర్థం. దానికి తొడిగే రబ్బరు గొట్టం ముక్కను అమెరికన్లు ‘వాటర్ థీఫ్’ అని పిలుచుకుంటారు. దొంగ అని వాళ్లే పేరు పెట్టారు గనక మేం కొత్తగా నింద వేయడం లేదు. క్యాను పట్టుకుని నింపుకుంటే దానితో పని లేదు.

‘దూరాన’ అన్న మాటలో మరో ధ్వని ఉందని మా అనుమానం. ఈ ఎడారి ప్రయాణాల కోసం అమెరికా సైన్యం 1856లో ఒంటెలను ఓడల్లో తెప్పించింది. వాటితో వచ్చిన ఒంటెలవాడు హాజీ అలీ. అమెరికన్ల నోట్లో ఆ పేరు హై జాలీ అయింది. 1902లో పోయాడు. క్వార్ట్‌సైట్ శ్మశానంలో ఆయన సమాధి మీద రాతి పిరమిడ్, దాని కొన మీద రాగి ఒంటె ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరికి పెద్ద ట్రెయిలర్లలో వెళ్లి, మూడు రోజుల్లో నీళ్లు అయిపోయాయని వాపోయేవాళ్లు ఒకసారి ఆ సమాధి చూసి రావచ్చు.

‘క్యాను జోళ్లు’. కొన్ని ప్రతుల్లో ‘చోళ్లు’ అని ఉంది. యతి నిలుస్తుంది గాని, ఎడారికి వెళ్లినవాడు క్యానులో రాగులు నింపుకురాడు. జోళ్లు అన్నదే సాధుపాఠం. ఇందులో తూకపు రహస్యం ఉంది. గ్యాలను నీరు 8.34 పౌండ్లు. 7 గ్యాలన్ల క్యాను నిండితే 58 పౌండ్లు, అంటే 26 కిలోల పైమాట. ఒక చేత్తో ఒకటి మోస్తే మనిషి పక్కకు ఒరిగిపోతాడు, రెండు చేతులా రెండుంటే కావడి మోసినట్టు నిటారుగా నడుస్తాడు. మూడు జోళ్లంటే 42 గ్యాలన్లు, 40 గ్యాలన్ల ట్యాంకుకు సరిపోయి, కాఫీకి మిగులుతాయి. నడుము మీద ప్రేమ ఉన్నవారు 5 గ్యాలన్ల క్యానులు కొంటారు. పికప్ ట్రక్కు ఉన్నవారు వెనక పరుచుకునే పెద్ద నీళ్ల సంచి కొంటారు. 40 గ్యాలన్ల సంచి 334 పౌండ్లు అవుతుంది, ట్రక్కు మోయగల బరువులోంచి అది తీసేయాలి, మలుపులో అటూ ఇటూ ఊగకుండా కట్టాలి. కవి కాలానికి సంచి లేదని కాదు. ఛందస్సులో ఇమడలేదంతే.

‘నింపి’ అన్నదానికి గొట్టం అధ్యాహార్యం. అది తాగేనీటికని అమ్మే తెల్లదో నీలందో కావాలి. తోటలో మొక్కలకు పెట్టే పచ్చ గొట్టం పనికిరాదు, నీటికి రబ్బరు వాసన ఒక్కటే కాదు, సీసం లాంటివి కూడా దిగే ప్రమాదం ఉంది.

‘గాలి పోవు దారి కాచుచు’. పద్యానికి ప్రాణం ఈ పాదం. దీన్ని దాటేసి నాలుగో పాదానికి పరుగెత్తిన వ్యాఖ్యాతలంతా చొక్కాలు తడుపుకున్నారు.

ఖాళీ ట్యాంకు ఖాళీ కాదు, అందులో 40 గ్యాలన్ల గాలి ఉంది. గ్రావిటీ ఫిల్ మూత తెరిస్తే లోపల లావు గొట్టం ఒకటి, దాని పక్కనే సన్నటి గొట్టం ఒకటి కనిపిస్తాయి. లావుది నీటికి, సన్నది గాలికి. క్యాను ఎత్తి ఒక్కసారిగా వంచారనుకోండి. నీరు లావు గొట్టాన్ని నిండా పట్టేసుకుని దిగుతుంది. గాలి అంతా ఆ సన్నదాంట్లోంచే రావాలి, చాలదు. లోపల గుడగుడమంటుంది, గాలి నీటినే ఎదురు తోస్తుంది, మూతి దగ్గర ఒక్క ఉమ్ము ఉమ్మి ఛాతీ మీద పడుతుంది. నిండిపోయిందనుకుని లోపలికి వెళ్లి చూస్తే దీపం ఇంకా మూడింట ఒకటి దగ్గరే ఉంటుంది. బిగుతైన గరాటు పెట్టినా ఇదే గతి. మూతి నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టం మధ్యలో వేలాడి వంపు తిరిగితే, ఆ వంపులో నీరు నిలిచి గాలికి అడ్డుపడుతుంది. అదొక దిక్కుమాలిన కట్టుబడి, చాలా ట్రెయిలర్లలో ఉంది.

విరుగుడు ‘కాచుచు’ అన్న మాటలోనే ఉంది. లావు గొట్టం కంటే బాగా సన్నటి పైపు తీసుకుని, ఆ వంపు దాటేదాకా లోపలికి తోయాలి. పైపు చుట్టూ మిగిలిన ఖాళీలోంచి గాలి బయటికొస్తుంది. అప్పుడు గుడగుడ ఉండదు. గాలి గొట్టం దగ్గర చెయ్యి పెడితే మెత్తగా ఊదుతున్నట్టు తెలుస్తుంది. అది ఊదుతున్నంతసేపు పని సవ్యంగా సాగుతున్నట్టే. ఆఖరికి గాలి ఆగి అక్కడే నీటి చుక్క కనిపిస్తుంది. గోడ మీది దీపం ఏమన్నా సరే, నిండిందనడానికి ఆ చుక్కే ప్రమాణం.

‘మెల్లగా’. మూత ఛాతీ ఎత్తున ఉంటుంది. క్యాను అంతకంటే పైన ఉంటేనే నీరు దిగుతుంది. 58 పౌండ్లను ఛాతీ ఎత్తున పట్టుకుని మెల్లగా పొయ్యడం భీమసేనుడికి సాధ్యం. కలియుగంలో దానికి 12 వోల్టుల చిన్న పంపు అమ్ముతారు, క్యాను నేల మీదే ఉంచి పైకి తోడవచ్చు. కొనకుండా కూడా ఒక ఉపాయం ఉంది. చలికాలంలో పైపులు పగలకుండా గులాబి రంగు ద్రవం ఎక్కించడానికి, ట్రెయిలర్ సొంత పంపుకు చిన్న పీల్చుడు గొట్టం చాలావాటిలో ఉంటుంది. దాన్ని క్యానులో ముంచి, మీట తిప్పి, బయటి షవర్ గొట్టాన్ని తెచ్చి గ్రావిటీ మూతిలో పెట్టి పంపు వేస్తే, ట్రెయిలర్ తన ట్యాంకును తానే నింపుకుంటుంది. పని అయ్యాక మీట వెనక్కి తిప్పడం మరిచిపోతే, నిండు ట్యాంకు కింద ఉండగా పంపు గాలి పీలుస్తూ కూర్చుంటుంది.

‘బుంగ’. మొదటి పాదంలో తొట్టి, చివర బుంగ, రెండూ ఒకటే. ‘పో’తో యతి కుదరడానికి వచ్చిందే తప్ప లోపల కుండేమీ లేదు. అయితే బుంగ కడగాలన్న సూచన మాత్రం ఉంది. చాలాకాలం మూలన పడి ఉన్న ట్యాంకుకు, 15 గ్యాలన్లకు పావు కప్పు చొప్పున వాసన లేని మామూలు బ్లీచు నీళ్లలో కలిపి పోసి, ప్రతి కుళాయిలోనూ ఆ వాసన వచ్చేదాకా తిప్పి, ఒక రాత్రి ఉంచి, పారబోసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. ఈ పని ఎడారికి బయలుదేరకముందే, ఇంటి కుళాయి దగ్గర చేసుకోవాలి. మోసుకొచ్చిన మూడు జోళ్లలో ట్యాంకు కడగడానికి ఒక జోడు పోస్తే ఇంట్లోవాళ్లు ఊరుకోరు.

‘నిండ’. ఇక్కడ కవి ఒక సంగతి దాచాడని మా ఆరోపణ. బుంగ నిండింది, సరే. ఆ నీరంతా ఎక్కడికి పోతుంది? అంట్ల నీరు, స్నానం నీరు గ్రే ట్యాంకులోకి దిగుతాయి. దాన్ని ఎడారి నేల మీద వదలకూడదు, డంపు స్టేషనులోనే ఖాళీ చెయ్యాలి. పైన ఎన్ని పోస్తే కింద దాదాపు అన్నీ చేరతాయి గనక, గ్రే ట్యాంకు దీపం నిండు చూపిస్తుండగా క్యానులు మోసుకొచ్చినవాడికి మంచినీళ్లుంటాయి, వాడుకునే దారి ఉండదు. స్నానాల గదిలో పాదాల దగ్గర మురికినీరు పైకి తన్నుతుంది. చక్రాలున్న చిన్న డబ్బాలోకి గ్రే నీరు దింపుకుని లాక్కుపోయేవాళ్లూ ఉన్నారు, వారి సహనానికి నమస్కారం. తక్కినవాళ్లు జాకీలు ఎత్తి, చెక్కలు తీసి, గది లోపలికి లాగి, గిన్నెలు సర్ది, ట్రెయిలర్‌నే డంపు స్టేషనుకు తోలుకుపోక తప్పదు. అంత దూరం ఎలాగూ వెళ్లారు గనక పక్కనున్న మంచినీళ్ల కుళాయికి తెల్ల పైపు తగిలించి ట్యాంకు కూడా అక్కడే నింపుకుంటారు. ఆ రోజుకు మాత్రం రెండవ పూర్వపక్షివారి పాఠమే నిలుస్తుందని, క్యాను అన్న మాట వ్యర్థమవుతుందన్న మా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ఇందుమూలంగా తెలియజేయడమైనది.